ఉత్తమ నటి పురస్కారము: పోటీలో నిలిచిన నటీమణులు, తీర్పు జరుగు తీరు

పరుగుపందెములో గెలుపోటములను నిర్ణయించుట సులభము. అందఱకును దూరమొకటే, గీత యొకటే, గడియారమొకటే. నటనకు అట్టి కొలత లేదు. ఒక నటి రాణి వేషము ధరించును. మఱియొక నటి పాచిపని చేసి బ్రతుకు స్త్రీగా కనిపించును. ఒకరు నవ్వింతురు, వేఱొకరు కంటతడి పెట్టింతురు. వీరిలో ఉత్తమురాలెవరని అడుగుట మల్లెపూవునకును మామిడిపండునకును పోటీ పెట్టుట వంటిది. అయినను ఏటేట ఉత్తమ నటి పురస్కారములు ప్రకటింపబడుచునే యున్నవి. ఒకరు వేదిక నెక్కుదురు. తక్కినవారు క్రింద కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. మఱునాటి నుండి ప్రేక్షకులలో వాదోపవాదములు సాగును.

ఈ వాదములలో సాధారణముగా నటనను గూర్చియే మాట వచ్చును గాని, తీర్పు జరుగు తీరును గూర్చి రాదు. ఫలితము నటనపై ఎంత ఆధారపడునో, పట్టిక నెవరు కూర్చిరి, ఎవరిని ఏ శ్రేణిలో నిలిపిరి, ఓట్లను ఎట్లు లెక్కించిరి అను వానిపైనను అంత ఆధారపడును. కొన్ని ప్రసిద్ధ నిదర్శనములతో ఈ సంగతిని వివరించి, తెలుగు నటీమణుల విషయమున దీనికి గల ప్రాధాన్యమును చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. రెండంచెల ఎన్నిక

చలనచిత్ర పురస్కారములలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినవి అమెరికాలోని అకాడమీ పురస్కారములు. వీనినే ఆస్కారు బహుమతులందురు. మొదటి ప్రదానోత్సవము 1929వ సంవత్సరము మే 16న జరిగెను. నాడు ఉత్తమ నటిగా జానెట్ గేనర్ ఎన్నికయ్యెను. ఆ బహుమతి ఒక్క పాత్రకు గాక మూడు చిత్రములలోని నటనకు కలిపి యిచ్చినది. తరువాత తరువాత ఒక బహుమతి ఒక పాత్రకే చెందునను పద్ధతి స్థిరపడెను. మొదటి యేటనే పోటీ స్వరూపమును నిబంధన యే నిర్ణయించిన దనుటకు ఇది నిదర్శనము. మూడు పాత్రలను కలిపి తూచుట వేఱు. ఒక్కొక్క పాత్రను విడివిడిగా తూచుట వేఱు.

ఇప్పటి పద్ధతి రెండంచెలుగా నున్నది. మొదటి అంచెలో అకాడమీ సభ్యులలో నటీనటుల శాఖవారు మాత్రమే నామినేషను ఓట్లు వేయుదురు. ఓటరు ఒక పేరుతో సరిపెట్టక 1, 2, 3 అని వరుసగా తన ఇష్టక్రమమును వ్రాయును. మన రాజ్యసభ యెన్నికలలో శాసనసభ్యులు ఓటు వేయు పద్ధతి యిట్టిదే. ఐదు స్థానములకు 600 మంది ఓటు వేసిరనుకొందము. 600ను ఆరుచేత భాగించి ఒకటి కలిపిన 101 వచ్చును. మొదటి ఇష్టముగా 101 ఓట్లు తెచ్చుకొన్న నటి పట్టికలో చేరును. అందఱి కంటె తక్కువ వచ్చిన నటి పేరు తొలగించి, ఆమె ఓట్లను ఆయా పత్రములలోని తరువాతి పేర్లకు బదలాయింతురు. స్థానములు నిండువరకు ఇట్లు సాగును. కొద్దిమందియైనను గట్టిగా అభిమానించు నటికి ఈ అంచెలో మేలు కలుగును.

రెండవ అంచెలో ఓటు హక్కు గల సభ్యులందఱును ఓటు వేయుదురు. దర్శకులు, రచయితలు, ఛాయాగ్రాహకులు, సంగీతజ్ఞులు మొదలగువారందఱును ఇందు చేరుదురు. ఇక్కడ ఇష్టక్రమము లేదు. ఒక ఓటరు ఒక పేరు మాత్రమే చెప్పును. ఎక్కువ ఓట్లు వచ్చిన నటియే విజేత. సగముకంటె ఎక్కువ రావలెనను నియమము లేదు. కావున తోటి నటులు పట్టిక కూర్చగా, బహుజనము తీర్పు చెప్పుదురన్న మాట. ఇద్దఱు న్యాయాధిపతులు, రెండు తూకములు.

2. ఒకే చిత్రము నుండి ఇద్దఱు

1951 మార్చిలో జరిగిన పోటీ ఈ విషయమున చిరస్మరణీయము. 1950నాటి చిత్రములకు ఉత్తమ నటి పట్టికలో ఐదుగురు నిలిచిరి. ‘ఆల్ అబౌట్ ఈవ్’ నుండి బెటీ డేవిస్, ఆన్ బాక్స్‌టర్. ‘సన్‌సెట్ బులవార్డ్’ నుండి గ్లోరియా స్వాన్సన్. ‘కేజ్డ్’ నుండి ఎలియనార్ పార్కర్. ‘బార్న్ ఎస్టర్‌డే’ నుండి జూడీ హాలిడే. గ్లోరియా స్వాన్సన్ మూకీ చిత్రముల కాలపు మహానటి; 1929నాటి మొదటి పోటీలో సైతము ఆమె పేరుండెను. బెటీ డేవిస్ అప్పటికే రెండుసార్లు ఈ బహుమతి నందిన నటి. ఇద్దఱును వయసు మళ్ళుచున్న నటి పాత్రలనే ధరించిరి. లోకము ఈ ఇద్దఱిలో ఒకరికే బహుమతి యని తలచెను. గెలిచినది జూడీ హాలిడే. రంగస్థలముపై తాను ఆరితేరిన హాస్యపాత్రనే ఆమె తెరపైకి తెచ్చినది.

అకాడమీవారు ఎవరికెన్ని ఓట్లు వచ్చినవో ప్రకటింపరు. అందుచేత కారణము నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. కాని ఓట్లు చీలు మార్గమును లెక్కతో చూపవచ్చును. ఉదాహరణకు 500 ఓట్లున్నవనుకొందము. ఒకే చిత్రమునకు చెందిన ఇద్దఱు నటీమణులకు 110, 95 వచ్చినవి. మూడవ నటికి 120, తక్కిన ఇద్దఱికి 90, 85 వచ్చినవి. ఆ చిత్రమును మెచ్చినవారు 205 మంది. అయినను 120 వచ్చిన మూడవ నటియే గెలుచును. ఆమెకు ఓటు వేయనివారు 380 మంది! ఇది అన్యాయము కాదు, నిబంధన ఫలితము.

ఆన్ బాక్స్‌టరు సహాయనటి శ్రేణిలో నిలిచియుండిన ఫలితమెట్లుండెడిదని నేటికిని చర్చింతురు. సహాయ నటీనటులకు ప్రత్యేక బహుమతులు 1936నాటి చిత్రములతో మొదలైనవి. ఆ శ్రేణిలోను ‘ఆల్ అబౌట్ ఈవ్’ నుండి ఆ యేడు ఇద్దఱు నటీమణులు నిలువగా, అక్కడను వేఱొక చిత్రపు నటియే గెలిచెను. చిత్రమునకు మాత్రము ఉత్తమ చిత్ర బహుమతి లభించెను. నలుగురు నటీమణులకు నామినేషనులు తెచ్చిన చిత్రము, వారిలో ఒక్కరికైనను బహుమతి తేలేకపోయెను.

3. సరిసమానమైన ఓట్లు

1969 ఏప్రిలులో మఱొక విశేషము జరిగెను. 1968నాటి చిత్రములకు ఉత్తమ నటి పేరు చదువుటకు వచ్చిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, కవరు విప్పి, సమానమని ప్రకటించెను. ‘ది లయన్ ఇన్ వింటర్’ లోని కాథరీన్ హెప్‌బర్న్, ‘ఫన్నీ గర్ల్’ లోని బార్బ్రా స్ట్రైసాండ్ ఇద్దఱును విజేతలు. ఒకరు ముప్పది యేండ్లకు పైగా తెరనేలిన నటి. మఱొకరికి అది తొలిచిత్రము. 1932లో నటుల శ్రేణిలో ఇట్టి సమానమే జరిగినది గాని, నాటి నిబంధన ప్రకారము మూడు ఓట్ల లోపు తేడాను సైతము సమానముగా ఎంచెడివారు. 1969 నాటికి ఆ వెసులుబాటు లేదు. ఓట్లు అక్షరాల సరితూగినవి. ఒక్క సభ్యుడు మనసు మార్చుకొన్నచో ఇద్దఱిలో ఒకరి పేరు విజేతల చరిత్రలో ఉండెడిది కాదు. ఆ యొక్క ఓటు వలన ఆమె నటన ఇసుమంతయు తగ్గెడిది కాదు గదా!

4. పాఠకుల ఓట్లు: బొంబాయి అనుభవము

మన దేశమున సినిమా పత్రికల పాఠకుల ఓట్లతో హిందీ చిత్రములకు బహుమతులిచ్చు పద్ధతిని ఫిలింఫేరు పత్రిక ప్రారంభించెను. మొదటి ఉత్సవము 1954 మార్చిలో బొంబాయిలో జరిగెను. ‘బైజూ బావ్రా’ చిత్రమునకు మీనాకుమారి ఉత్తమ నటిగా ఎన్నికయ్యెను. ఆమెయే 1963నాటి ఉత్సవమున అపూర్వమైన పోటీకి కారణమయ్యెను. ఆ యేడు ఉత్తమ నటి పట్టికలో మూడు పేర్లుండెను, మూడును ఆమెవే! ‘ఆరతీ’, ‘మై చుప్ రహూంగీ’, ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’. నటికి నటియే పోటీ. చివఱి చిత్రములోని ఛోటీ బహు పాత్రకు బహుమతి వచ్చెను.

జానెట్ గేనరు మూడు చిత్రములకు ఒక్క బహుమతి పొందినది. మీనాకుమారి మూడు చిత్రములతో మూడుసార్లు పట్టిక కెక్కినది. రెండింటిలోను ఆ యేటి శ్రేష్ఠత యొకటే విధము. లెక్కించు పద్ధతి మాత్రము వేఱు. మఱియొకటి. 1958నాటి చిత్రములకు వైజయంతిమాల ‘మధుమతి’, ‘సాధన’ రెండింటికిని పట్టికలో నిలిచెను. తన ఓట్లను తానే చీల్చుకొనవలసిన స్థితి. అయినను ‘సాధన’కు ఆమెయే గెలిచెను. కావున ఓట్లు చీలుట సాధ్యమే గాని, తప్పక జరుగు ధర్మము కాదు.

శ్రేణిని గూర్చిన వివాదమునకును వైజయంతిమాలయే నిదర్శనము. బిమల్ రాయ్ నిర్మించిన ‘దేవదాస్’ హిందీ చిత్రములో చంద్రముఖి పాత్రకు ఆమెకు ఉత్తమ సహాయనటి బహుమతి ప్రకటించిరి. పార్వతి పాత్రకు తన పాత్ర తీసిపోదని, తాను సహాయనటిని కానని ఆమె ఆ బహుమతిని నిరాకరించెను. శరత్‌బాబు నవల నెఱిగిన తెలుగువారికి ఈ వాదమునందలి సత్వము సులభముగా తెలియును. పార్వతి లేనిదే కథ లేదు. చంద్రముఖి లేనిదే దేవదాసునకు ఆశ్రయము లేదు. వీరిలో ఎవరు నాయిక, ఎవరు సహాయిక అను విభజన పురస్కార సంఘము గీచిన గీతయే గాని కథలోని గీత కాదు.

5. పట్టిక లేని పోటీ

భారత ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములను 1954లో నెలకొల్పెను. చాలకాలము వరకు అవి చిత్రములకే గాని నటీనటులకు లేవు. 1967నాటి చిత్రములతో నటనకు పురస్కారములు మొదలైనవి. నటునికి భరత, నటికి ఊర్వశి అను పేర్లు ప్రచారమునకు వచ్చెను. ‘రాత్ ఔర్ దిన్’ చిత్రమునకు నర్గీస్ మొదటి విజేత.

ఈ పోటీకిని పై పోటీలకును రెండు ముఖ్యభేదములు కలవు. ఒకటి, ఇందు నామినేషనుల పట్టికను ప్రకటింపరు. నిర్మాతలు చిత్రములను పంపుదురు. న్యాయనిర్ణేతలు చూచి చర్చించుకొని విజేతను మాత్రమే వెల్లడింతురు. ఎవరెవరు చివఱివరకు నిలిచిరో బయటివారికి తెలియదు. ఓడినవారికి అవమానము లేదు. అటులనే తుదివరకు వచ్చితిమను గౌరవమును లేదు. రెండు, ఇది ఏకభాషా పోటీ కాదు. తెలుగు, తమిళము, మలయాళము, కన్నడము, ఒడియా, మరాఠీ, బెంగాలీ, అస్సామీ, హిందీ మొదలగు భాషల చిత్రములన్నియు ఒకే తక్కెడలో తూగవలెను. నేడు ప్రాంతీయ సంఘములు ముందు వడపోయగా, కేంద్ర సంఘము తుది తీర్పు చెప్పుచున్నది. నిర్ణేతలు కొద్దిమంది. ఇద్దఱి మధ్య తేల్చలేనపుడు వారు పురస్కారమును పంచుటయు కలదు. 2022నాటి చిత్రములకు తమిళ చిత్రమునకు నిత్యా మేనన్, గుజరాతీ చిత్రమునకు మానసి పారేఖ్ సమముగా దానిని పంచుకొనిరి. 1969లో ఓట్లు చేసిన పని నిక్కడ చర్చ చేసినది.

భాష తెలియని నిర్ణేత ఉపశీర్షికలను చదువుకొని చిత్రమును చూడవలెను. మాటలోని యాస, సామెతలోని చమత్కారము, ‘ఏమే’ అనుటకును ‘ఏమమ్మా’ అనుటకును గల అంతరము ఉపశీర్షికలో నిలువవు. చూపు, నడక, మౌనము నిలుచును. బహుభాషా పోటీలో వాచికమున ఆరితేరిన నటికంటె ఆంగిక సాత్త్వికములందు ఆరితేరిన నటికి తేరిపాఱ చూచువారు ఎక్కువ దొరకుదురు. ఇది పక్షపాతము కాదు. వినలేనివాడు కంటితో తీర్పు చెప్పుటయే.

6. ఎల్లలు దాటిన తెలుగు నటి

ఈ బహుభాషా పోటీలో తెలుగు నటి సాధించిన విజయమును స్వరాష్ట్రము వెలుపల నివసించు తెలుగువారు ప్రత్యేకముగా గుర్తింపదగును. 1968నాటి చిత్రములకు రెండవ ఊర్వశిగా ఎన్నికైనది తెనాలిలో పుట్టిన శారద. చిత్రము తెలుగు కాదు; ఎ. విన్సెంట్ దర్శకత్వమున వచ్చిన మలయాళ చిత్రము ‘తులాభారము’. సుఖముగా బ్రతికిన యువతి, కార్మికోద్యమమున భర్తను కోల్పోయి, ఆకలికి తాళలేక బిడ్డలకు విషమిచ్చి న్యాయస్థానమున నిలుచు కథ. ఈ కథనే తమిళమునను, ‘మనుషులు మారాలి’ అను పేర తెలుగునను, తరువాత హిందీలోను తీయగా, నాలుగు భాషలలోను ఆ పాత్రను శారదయే ధరించెను. 1972నాటి చిత్రములకు ఆదూర్ గోపాలకృష్ణన్ తొలిచిత్రము ‘స్వయంవరము’ ద్వారా రెండవసారి, 1978నాటి పురస్కారములలో బి. ఎస్. నారాయణ దర్శకత్వము వహించిన తెలుగు చిత్రము ‘నిమజ్జనము’ ద్వారా మూడవసారి ఆమెకు ఈ గౌరవము దక్కెను. నేటికిని తెలుగువారు ఆమెను ఊర్వశి శారద యనియే పిలుతురు.

మాతృభాషలో పురస్కారము వచ్చుటకు ముందే పరభాషలో ఆమెకు రెండుసార్లు వచ్చెను. పురస్కారముల జాబితాలో నటి పేరు ప్రక్కన చిత్రము భాష వ్రాయుదురే గాని ఆమె తల్లిభాష వ్రాయరు. జాబితాను మాత్రమే చూచువానికి శారద మొదటి రెండు విజయములు మలయాళమునకు చెందినవి. అవి మలయాళమునకు చెందిన మాట నిజమే. ఆ పాత్రలను వ్రాసినది, తీసినది, తొలుత ఆదరించినది కేరళీయులే. తెనాలి బిడ్డకు తమ కథలోని తల్లి పాత్రను అప్పగించుటలో వారికి సంకోచము కలుగలేదు. తమిళనాట, కన్నడనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో తరతరములుగా రెండు భాషల నడుమ బ్రతుకుచున్న తెలుగు కుటుంబములకు ఇది తెలిసిన అనుభవమే. వారు చేసిన పని స్థానికభాష లెక్కలో చేరును. వారి తెలుగు ఇంటిలో నుండును. ఒకటి రెండవదానిని చెఱుపదు.

అర్చన 1987లో బాలు మహేంద్ర తమిళ చిత్రము ‘వీడు’కును, 1988లో బి. నర్సింగరావు తెలుగు చిత్రము ‘దాసి’కిని వరుసగా రెండేండ్లు జాతీయ ఉత్తమ నటి యయ్యెను. మొదటిది మదరాసులో సొంత ఇల్లు కట్టుకొన పాటుపడు మధ్యతరగతి ఉద్యోగిని పాత్ర. రెండవది తెలంగాణములో దొర గడీలో నలిగిన దాసి పాత్ర. రెండు భాషలు, రెండు కాలములు, రెండు వర్గములు. 1990లో ‘కర్తవ్యము’ చిత్రమునందలి పోలీసు అధికారిణి పాత్రకు విజయశాంతి ఆ గౌరవము పొందెను. కళాత్మక చిత్రములకే ఈ పురస్కారమను అభిప్రాయమును, జనాదరణ పొందిన ఆ చిత్రము సడలించెను.

7. పోటీ పుట్టకముందే గడచిన కాలము

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. పట్టికలో ఓడిన నటి సంగతి లోకము మాట్లాడుకొనును. పట్టికయే లేని కాలమున నటించిన నటి సంగతి యేమి? సావిత్రి ‘దేవదాసు’ 1953లోను, ‘మిస్సమ్మ’ 1955లోను, ‘మాయాబజారు’ 1957లోను వెలువడినవి. జాతీయ స్థాయిలో నటికి పురస్కారము మొదలైనది 1967నాటి చిత్రములతో. శశిరేఖ రూపమున ఘటోత్కచుని గాంభీర్యమును అభినయించిన ఆ నటనకు, అనగా ఒక స్త్రీ దేహములో పురుషుడు దాగియున్నాడని చూపు హాస్యమునకు, పోటీపడు వేదికయే నాడు లేదు. భానుమతి ‘మల్లీశ్వరి’ 1951 నాటిది. దానికిని అదియే గతి. ఆ పురస్కార జాబితాను మాత్రమే నమ్మి తెలుగు నటీమణుల చరిత్ర వ్రాయువాడు స్వర్ణయుగమును విడిచి వ్రాసినవాడగును.

కాలము ఈ లోటును మఱొక విధముగా కొంత తీర్చినది. 2018లో వచ్చిన ‘మహానటి’ తెలుగు చిత్రములో సావిత్రి పాత్రను ధరించిన కీర్తి సురేశ్, ఆ యేటి జాతీయ ఉత్తమ నటి పురస్కారము పొందెను. ఆమె తెలుగింటి బిడ్డ కాదు. తెలుగు శారదకు మలయాళ చిత్రములు రెండు పురస్కారములు తేగా, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట పరభాషా నటికి తెలుగు మహానటి జీవితమే పురస్కారము తెచ్చినది. సావిత్రిగా నటించుటకు లభించిన గౌరవము సావిత్రికి లభించినట్లు కాదు. కాని ఆమె నటన ఎంతటి కొలమానమో దేశమునకు తెలియుటకు అది తోడ్పడెను.

8. ఫలశ్రుతి

పై నిదర్శనముల నుండి తేలునదేమన: ఉత్తమ నటి పురస్కారము ఒక ప్రశ్నకు సమాధానము. ప్రశ్నను మార్చినచో సమాధానము మారును. అందుచేత ఏ పురస్కారమునైనను విన్నపుడు నాలుగు విషయములు విచారింపవలెను. పట్టికను కూర్చినదెవరు? విజేతను ఎన్నినది వారేనా, వేఱొకరా? ఏ పాత్రను ఏ శ్రేణిలో నిలిపిరి? తీర్పరులకు ఆ భాష చెవికి తెలియునా, కంటికి మాత్రమే తెలియునా? ఈ నాలుగును తెలిసికొన్నవాడు గెలిచినవారిని తక్కువ చేయడు, ఓడినవారిని మఱచిపోడు.

మన సంఘముల వార్షికోత్సవములలో నాటక పోటీలు పెట్టి ఉత్తమ నటికి బహుమతి యిచ్చు ఆచారము చాల చోట్ల కలదు. తీర్పరులు ముగ్గురున్నను, ముప్పదిమందియున్నను పై ప్రశ్నలు వారికిని వర్తించును. ఇంట తెలుగు, వీధిలో మఱొక భాష మాటలాడు బాలిక ఒకతె వేదిక నెక్కి ఉచ్చారణలో తడబడిన, ఆ తడబాటు ఒక్కటే తూచి ఆమెను ప్రక్కకు నెట్టుటయా, ఆమె చూపించిన భావమును సైతము తూచుటయా అనునది బహుమతి ప్రకటించుటకు ముందే తీర్పరులు నిశ్చయించుకొనవలసిన నిబంధన. ఆ బాలిక మఱుసటి యేడు తిరిగి తెలుగు నాటకములో వేషము వేయునా, వేయదా అనునది ఆ నిబంధనను బట్టియే యుండును.